దించి విరగ్గొట్టిన గేటు

మా ఊరి రైలు గేటును విరగ్గొట్టింది నేనే. ఈ ఒక్క మాట మొదటి రోజు పోలీసులకు చెప్పి ఉంటే ఇప్పుడు కూర్చుని ఇదంతా రాసుకోవలసిన పని ఉండేది కాదు. చెప్పలేదు. రెండేళ్ళు పోయాక కోర్టు బోనెక్కి చెప్పాను. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు అంటారు. నా మొరుగుడుకు ఆరు నెలలు కూడా చాలలేదు.

నేను నాపరాళ్ళ గనిలో మేస్త్రీని. ఇరవై ఏళ్ళుగా సమ్మెట పట్టి రాయి పగలగొట్టడం, కొట్టించడం నా పని. మావైపు మగాడికి కోపం వస్తే ముందు చెయ్యి లేస్తుంది, మాట తరువాత ఎప్పుడో తీరిగ్గా వస్తుంది. దానికి పౌరుషమని పేరు పెట్టుకుని మీసాలు దువ్వుకుంటాం. ఆ మాట ఎవరైనా నా ముందు అంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది. మా పౌరుషం వల్ల మా చెల్లెలికి ఏం ఒరిగిందో నాకు తెలుసు.

చెల్లెలి భర్త, మా బావ, ట్రాలీ ఆటో తోలేవాడు. మిరపకోతల కాలంలో ఊళ్ళోని టిక్కీలన్నీ, అంటే మిరపకాయల బస్తాలన్నీ, ఆయన బండి మీదే కోల్డ్ స్టోరేజీకి పోయేవి. గేటు పడితే మిగతా ఊరంతా మోటారు సైకిళ్ళు పక్కకు వంచి గేటు కింద నుంచి దూర్చుకుపోయేది. నేనూ అట్లాగే పోయేవాణ్ణి. ఆయన మాత్రం ఇంజను ఆపి, చేతులు కట్టుకుని, రైలు పోయిందాకా కూర్చునేవాడు. "రెండు నిమిషాలు ఆగితే ఎవుడి ఆస్తి పోయిందిరా?" అని దూరేవాళ్ళను తిట్టేవాడు. మేం నవ్వేవాళ్ళం. అలాంటి మనిషి గురించి, మూసిన గేటును గుద్దుకుని పట్టాల మీదికి పోయాడని సర్కారు కాయితంలో రాశారు. రాయడానికి కావలసిన కలం, సిరా మేమే అందించాం.

మార్చి నెల. ఉదయం ఏడు దాటింది. గనికి పోతూ గేటుకు ఇవతల టీ బంకు దగ్గర ఆగాను. నా బండి వెనక సంచీలో సమ్మెట ఉంది. బావ ట్రాలీ టిక్కీల లోడుతో నా ముందు నుంచే వెళ్ళింది. నన్ను చూసి హారన్ కొట్టాడు, నేను టీ గ్లాసు ఎత్తి చూపించాను. గేటు రెండు వైపులా పైకి లేచి నిలబడి ఉంది. నేను చూశాను. టీ బంకు దగ్గరున్న ఆరేడుగురమూ చూశాం. అక్కడ పట్టాలు గుట్టను తొలిచిన మలుపులోంచి వస్తాయి, బండి దగ్గరకొచ్చేదాకా కనబడదు. ఇంజను కూత వినబడేసరికి ట్రాలీ పట్టాల మధ్యలో ఉంది. ఆ తరువాత నేను చూసింది రాయను. చుట్టుపక్కల మైలు దూరం దాకా పట్టాల వెంట ఎర్రగా మిరపకాయలు పడి ఉన్నాయని మాత్రం రాస్తాను. ఆ వాసనకు ఏడ్చేవాడెవడో, దగ్గేవాడెవడో తెలియలేదు.

గేట్‌మ్యాన్ తన గదిలోకి పోయి లోపల గడియ పెట్టుకున్నాడు. పావుగంటలో ఊరు ఊరంతా వచ్చింది. నేను సంచీలోంచి సమ్మెట తీసి ఆ గది తలుపు వైపు నడిచాను. ఆ క్షణంలో తలుపు తెరిచి ఉంటే వాణ్ణి చంపేవాణ్ణే, అందులో దాచేదేం లేదు. మా ఊరి పెద్దమనిషి ఒకాయన, పాత సర్పంచి, వరసకు బాబాయి అని పిలుస్తాం, నా నడుం పట్టుకుని ఆపాడు.

"ఒరేయ్, మనిషిని ముట్టుకోమాక. ఉరేస్తారు. నీ కోపమంతా గేటు మీద చూపించు," అన్నాడు.

చూపించాను. అయితే గేటు పైకి లేచి ఉంటే సమ్మెట అందదు. అందుకని గది పక్కనున్న చక్రం నేనే తిప్పాను. గేట్‌మ్యాన్ తిప్పి ఉంటే బావ బతికేవాడు, ఆ చక్రాన్ని. గేటు మెల్లగా కిందికి దిగి, గంట మోగుతూ, రోడ్డుకు అడ్డంగా పడింది. అప్పుడు మధ్యలో కొట్టాను. నాలుగు దెబ్బలకు వంగింది, అయిదో దెబ్బకు విరిగింది. జనం ఈలలు వేశారు. "అన్నంటే ఇట్టా ఉండాలి" అని ఎవరో అన్నారు. మూయని గేటును నేను మూసి మరీ విరగ్గొట్టానని నాకు ఆ రోజు అనిపించలేదు. చేతులు నొప్పి పుట్టాయి, అంతే.

మధ్యాహ్నానికి రైల్వే ఆఫీసర్లు వచ్చి ఫోటోలు తీసుకుపోయారు. దిగి ఉన్న గేటు, మధ్యలో విరిగి ఉన్న గేటు, అవతల పట్టాల పక్కన నుజ్జయిన ట్రాలీ. వాళ్ళకు అంతకు మించి ఏం కావాలి?

మర్నాడు పంచాయతీ ఆఫీసు అరుగు మీద మీటింగు పెట్టారు. మా ఊళ్ళో రెండు పార్టీలవాళ్ళు ఒకరి పెళ్ళికి ఒకరు పోరు, ఒకరి చావుకు ఒకరు రారు. ఆ రోజు అందరూ ఒకే అరుగు మీద కూర్చున్నారు. బాబాయి గొంతు తగ్గించి చెప్పాడు.

"అది రైల్వే ఆస్తి. పగలగొడితే అయిదేళ్ళు లోపలేస్తారంట. ఈడొక్కడే గాదు, పక్కన నిలబడినోళ్ళను గూడా. అందుకని ఎవరడిగినా ఒకటే మాట. మేం పోయేతలికే గేటు విరిగి పడుంది. మేం ఏదీ ముట్టుకోలా. అర్థమైందా?"

అర్థమైంది. ఎదురు చెప్పిన మగాడు ఒక్కడు లేడు. మేం పోయేసరికే విరిగి ఉంటే మరి విరిచింది ఎవరని అడగాలని ఒక్కడికీ తట్టలేదు. పాలిటిక్సులో ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనుషులు అంతమంది కూర్చుని, చచ్చిపోయినవాడి నెత్తిన గేటు పెడుతున్నామన్న సంగతి గమనించలేదు. నాకు తట్టలేదా అంటే, నిజం చెప్పాలి కదా, లోలోపల ఏదో గుచ్చుకుంది. అయిదేళ్ళ మాట దాన్ని మింగేసింది. సాయంత్రం పోలీసులు వస్తే పదకొండు మందిమి ఒకే పాట పాడి సంతకాలు పెట్టాం. టీ బంకు దగ్గరున్నవాళ్ళు కూడా ఆ ఉదయం అసలు అక్కడ లేనివాళ్ళయిపోయారు. నా సంతకం ఏడోది.

నెల తిరక్కుండానే పోలీసుల రిపోర్టు వచ్చింది. డ్రైవరు అజాగ్రత్తగా, వేగంగా వచ్చి, మూసి ఉన్న గేటును ఢీకొని విరగ్గొట్టి, పట్టాల మీదికి వెళ్ళాడు. తప్పు డ్రైవరుది. బతికి ఉంటే ఆయన మీదే కేసు నడిచేది, చచ్చాడు కాబట్టి మూసేశారు.

మా మేనకోడలు అప్పుడు ఎనిమిదో తరగతి. "మీ నాన్న గేటు గుద్దాడంటగా, తాగున్నాడా?" అని క్లాసులో ఒక పిల్ల అడిగిందట. ఆయన జన్మలో మందు ముట్టలేదు. చెల్లెలు ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"గేటు నువ్వు గదన్నా పగలగొట్టింది? మరి ఆయన పగలగొట్టాడని ఎట్టా రాశారు?"

"వాళ్ళ ఇష్టం వచ్చినట్టు రాసుకున్నారమ్మా," అన్నాను. సంతకం సంగతి చెప్పలేదు.

"నేను కోర్టుకు పోతా. ఆయన గేటు గుద్దలేదని కాయితం మీద రాయించుకుంటా. వాళ్ళిచ్చే డబ్బులతో నాకు పనిలేదు. ఆ ముక్క రాయాల, నా కూతురు చదవాల."

పోయింది. నరసరావుపేటలో ఒక ముసలి ప్లీడరును పట్టుకుంది. నేను తోడు వెళ్ళాను, అన్నను కాబట్టి. ఆయన కళ్ళజోడు నుదుటికి ఎత్తి మాకు విడమరచి చెప్పాడు.

"చూడమ్మా, కోర్టులో ఎవరు చెప్పిన మాట వాళ్ళే రుజువు చెయ్యాల. గేటు తెరిచి ఉందని నువ్వంటున్నావు, మొదటి బరువు నీ మీదే. నువ్వు ఒక జానెడు ఎత్తగలిగితే, ఆ పైన మిగతా బరువంతా వాళ్ళ మీద పడుద్ది. గేటు వాళ్ళది, మనిషి వాళ్ళోడు, లెక్క రాసే పుస్తకం వాళ్ళది. మూసే ఉందని వాళ్ళు చూపించాల. కాకపోతే ఆ జానెడు ఎత్తడానికి నీకో మనిషి కావాల. గేటు తరవాత విరిగింది, ఫలానావాడు విరగ్గొట్టాడు అని చెప్పేవాడు."

మా గనిలో పెద్ద బండను నలుగురు ఎత్తేటప్పుడు ఒకడు దొంగ పట్టు పడతాడు. చెయ్యి ఆన్చినట్టే ఉంటుంది, బరువు మాత్రం పక్కవాడిది. నేను ఆ ప్లీడరు గదిలో కిటికీలోంచి రోడ్డు మీద పోయే బస్సులు చూస్తూ కూర్చున్నాను. చెల్లెలు నా వైపు చూసింది. "అడిగి చూస్తాలే," అన్నాను. ఎవరిని అడగాలి? నన్ను నేను అడగాలి. ఆ అడగడానికి రెండేళ్ళు పట్టింది.

వాయిదాలు నడిచాయి. ఆమె ప్రతి వాయిదాకూ వెళ్ళింది, నేను ప్రతిసారీ పక్కనే నిలబడి చెయ్యి ఆన్చాను. చివరికి ఆమె బోనెక్కే రోజు వచ్చింది. రైల్వే లాయరు చదువుకున్న మనిషి, చాలా మర్యాదగా మాట్లాడాడు. అలా మర్యాదగా మాట్లాడేవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ చేతులు దురదపెడతాయి. ఒక కాయితం ఆమె చేతికిచ్చాడు.

"ఏడో సంతకం ఎవరిదో గుర్తుపడతారామ్మా?"

ఆమె చాలాసేపు చూసింది. "మా అన్నది."

"మేం వెళ్ళేసరికే గేటు విరిగి పడి ఉంది, మేం ఏదీ ముట్టుకోలేదు. మీ సొంత అన్నయ్యే ఇట్లా రాసిచ్చారు. మరి ఎవరు విరగ్గొట్టినట్టమ్మా?"

ఆమె నా పేరు చెప్పకుండా కాయితం ఆయనకు తిరిగిచ్చింది. నా వైపు కూడా చూడలేదు. సాయంత్రం బస్సులో ముందు సీట్లో కూర్చుంది, పక్క సీటు ఖాళీగా ఉన్నా నేను వెనక నిలబడ్డాను. ఊళ్ళో దిగాక ఒక్క మాట అంది. "నీ సంతకం బాగుందన్నా. గుండ్రంగా ఉంది." ఆ తరువాత మా ఇంటి గడప తొక్కలేదు.

ఆ రాత్రికి నా కోపం మళ్ళీ లేచింది. ఈసారి నా మీదే. పొద్దున్నే ప్లీడరుకు ఫోన్ చేసి, గేటు విరగ్గొట్టింది నేనేనని, సాక్ష్యం చెబుతానని చెప్పాను. ఆయన "నీకు ఇప్పటికి నోరొచ్చిందా?" అన్నాడు. సంగతి ఊళ్ళో తెలిసింది. బాబాయి మా ఇంటికొచ్చాడు.

"నువ్వు చెప్తే మేం పదిమందిమి అబద్ధం రాసిచ్చినట్టేగా. ఊరు కాపాడితే ఊరి మీదకే వస్తావా?"

"నన్ను కాపాడుకోడానికి మా బావ పేరు తాకట్టు పెట్టారు. అది కాపాడటమా?"

"నువ్వు గూడా పెట్టావురా సంతకం," అన్నాడు. నేను ఇంకా గట్టిగా అరిచాను.

జైలుకు పోతే పనికొస్తాయని రెండు లుంగీలు, ఒక దుప్పటి సంచీలో పెట్టుకుని కోర్టుకు వెళ్ళాను. జడ్జిగారు ముందే హెచ్చరించారు. మీకు ముప్పు తెచ్చే మాట చెప్పక్కర్లేదు, ఆలోచించుకోండి అన్నారు. ఆలోచించుకునే వచ్చానన్నాను. చక్రం తిప్పడం, గేటు దించడం, అయిదు దెబ్బలు, అన్నీ చెప్పాను. చెబుతుంటే గుండె మీద బండ దిగుతున్నట్టే ఉంది. అప్పుడు ఆ మర్యాదస్తుడు, రైల్వే లాయరు, లేచాడు.

"పోలీసులకు అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా?"

"అప్పుడు చెప్పింది."

"అంటే అవసరాన్ని బట్టి అబద్ధం చెబుతారు. గేటు విరగ్గొట్టినట్టు మీ మీద కేసేదైనా ఉందా?"

"లేదు."

"చూసినవాళ్ళున్నారా?"

"ఊరంతా చూసింది."

"ఊరంతా చూడలేదనే కదా రాసిచ్చింది. చెల్లెలికి డబ్బు వస్తుందని ఈ కథ చెబుతున్నారు, అవునా?"

నేను బోను చెక్కను రెండు చేతులతో పట్టుకున్నాను. సమ్మెట ఉంటే ఏం చేసేవాణ్ణో చెప్పలేను. దొంగ నేనే దొంగతనం చేశానంటుంటే, రుజువేదిరా అని అడుగుతున్నారు. గేటు ముక్కలు రైల్వేవాళ్ళు తుక్కు కింద ఎప్పుడో తీసుకుపోయారు. అక్కడిప్పుడు గేటే లేదు, కిందనుంచి దారి తవ్వారు, వానొస్తే అందులో నడుంలోతు నీళ్ళు నిలుస్తాయి. నా నేరానికి నేనే సాక్షిని, ఆ సాక్షి అబద్ధాలకోరు.

బయటికొచ్చాక పోలీసుల కోసం మెట్ల మీద కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ప్లీడరు నా సంచీ చూసి నవ్వాడు.

"నిన్నెవడూ పట్టుకోడు. నీ మీద కేసు పెడితే గేటు విరగ్గొట్టింది నువ్వేనని రైల్వే ఒప్పుకున్నట్టే. ఆళ్ళ కేసు ఆళ్ళే పోగొట్టుకుంటారా? నువ్వు మొదటి రోజు చెప్తే పట్టుకునేవాళ్ళు. ఇప్పుడు ఇంటికి పో."

రెండేళ్ళు నేను భయపడిన జైలు ఇప్పుడు కోరినా దొరకదని అప్పుడు అర్థమైంది. దుప్పటి సంచీతో బస్సెక్కి ఇంటికొచ్చాను.

తరువాతి వాయిదాకు గేట్‌మ్యాన్ బోనెక్కాడు. ఒక్కటి ఇక్కడ చెప్పాలి. బండి వస్తుందంటే స్టేషన్ నుంచి గేటుకు ఫోన్ వస్తుంది. గేటు వేశాక గేట్‌మ్యాన్ ఒక నంబరు చెబుతాడు. ఆ నంబరు, టైము స్టేషన్లో ఒక పుస్తకంలో, గేటు దగ్గర ఇంకో పుస్తకంలో రాస్తారు. ఆ రోజు నంబరు రాసి ఉంటే గేటు వేసినట్టు, లేకపోతే లేదు. మా ప్లీడరు మొదటి నుంచీ ఆ పుస్తకం కోసమే కాచుకుని ఉన్నాడు.

"గేటు వేశావా?"

"వేశానండి. నంబరు చెప్పానండి, పుస్తకంలో రాశానండి."

"పుస్తకమేది?"

"ఊరి జనం చించేశారండి."

"ఎంతమంది జనం?"

"రెండొందల మంది ఉంటారండి. కర్రలు, సమ్మెటలతో వచ్చారండి."

"ఆ రెండొందల మంది నీ పుస్తకం వెతికి చించారు గానీ, రోడ్డు మీదున్న గేటును ముట్టుకోలేదు?"

"లేదండి. అది ముందే విరిగిందండి."

"నువ్వు లోపల గడియ పెట్టుకునే ఉన్నావుగా. పుస్తకం వాళ్ళ చేతికి ఎట్టా పోయింది?"

వాడు రైల్వే లాయరు వైపు చూశాడు. ఆయన తన కాయితాలు చూసుకున్నాడు. స్టేషన్లో ఉండే రెండో పుస్తకం అడిగితే, పాతవాటితో పాటు తీసేశామని అప్పటికే రాసి పంపారు.

తీర్పు వచ్చింది. ప్లీడరు నాకు ఫోన్లో సారాంశం చెప్పి, "కాపీ తీసుకుపోయి నీ చెల్లెలికియ్యి. నీ గురించి గూడా ఒక ముక్క ఉంది," అన్నాడు. అదేమిటో కూడా చెప్పాడు.

ఆదివారం మధ్యాహ్నం కాపీ పట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళాను. రమ్మనలేదు, పొమ్మనలేదు. నేను మెట్టు మీద కూర్చున్నాను. మేనకోడలు ఇప్పుడు ఇంటర్. తీర్పు ఇంగ్లీషులో ఉంది, ఆ పిల్ల ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పింది.

"గుంపు వచ్చి పుస్తకం చించిన మాట నిజమైతే, గేటును కూడా ఆ గుంపే విరగ్గొట్టి ఉండొచ్చు. గుంపు దేన్నీ ముట్టుకోని మాట నిజమైతే, పుస్తకం కోర్టుకు రావాలి. గేటు, పుస్తకం రెండూ రైల్వే చేతిలో ఉన్నవే. గేటు మూసి ఉందని చూపించాల్సింది రైల్వే. చూపించలేదు. కాబట్టి గేటు తెరిచే ఉంది. డ్రైవరు తప్పు లేదు."

"ఆ చివరి ముక్క ఇంకోసారి చెప్పు," అంది చెల్లెలు.

"డ్రైవరు తప్పు లేదు. నాన్న తప్పు లేదమ్మా."

చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్ల పేజీ తిప్పి, మొత్తం ఎంత ఇవ్వాలన్నారో ఉన్న చోటికి పోయింది. మధ్యలో ఒక పేరా దాటేసింది. అది ఎవరి గురించో నాకు తెలుసు. పిల్ల దయ తలిచింది. ఊరుకుంటే సరిపోయేది, ఊరుకోవడంలో నాకు మంచి అనుభవం కూడా ఉంది.

"ఒకటి వదిలేశావమ్మా. అది గూడా చదువు," అన్నాను.

పిల్ల వాళ్ళమ్మ వైపు చూసింది. "ఏందే అది? చదువు," అంది చెల్లెలు.

"గేటు తానే విరగ్గొట్టానని చెప్పిన సాక్షి," పిల్ల మెల్లగా చెప్పింది, "చచ్చిపోయినతని బావమరిది. ఒకసారి ఒక మాట, ఇంకోసారి ఇంకో మాట చెప్పాడు. అతని మాట నమ్మదగింది కాదు. ఈ కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు."

మొత్తం కేసులో నేనొక్కణ్ణే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఊరి అబద్ధం, గేట్‌మ్యాన్ అబద్ధం ఒకదాన్నొకటి గుద్దుకుని బావ నిర్దోషి అయ్యాడు. నా నిజం ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆ మాట చెల్లెలితో అందామనుకున్నాను. ఆ రోజు నేను చెప్పింది నిజమేనని నీకైనా తెలుసు కదా అని అడుగుదామనుకున్నాను.

ఆమె లేచి కూతురి చేతిలోంచి కాయితాలు తీసుకుంది. చీర కొంగుతో పైన దుమ్ము లేకపోయినా తుడిచింది.

"జడ్జిగారు చానా కరెక్టుగా రాశారే, నీ మామ గురించి గూడా," అని కూతురితో అని, లోపలికి వెళ్ళింది.